క్రూజ్ గదిలో ప్లగ్ పాయింట్లు రెండు, మన వస్తువులు తొమ్మిది: ఛార్జింగ్ ఎలా సర్దుకోవాలి

మయామిలో ఓడ ఎక్కే ముందు సామాను స్కానింగ్ దగ్గర మా నాన్నను పక్కకు పిలిచారు. విజయవాడ నుంచి భద్రంగా మోసుకొచ్చిన స్పైక్ బస్టర్‌ను ఆయన చేతిసంచిలోంచి తీసి, దానికో చీటీ కట్టి, ఒక రసీదు చేతిలో పెట్టారు. దిగేటప్పుడు తీసుకోమన్నారు. "కరెంటు ఎక్కువైతే కాపాడేదాన్ని పట్టుకెళ్లి దాచుకుంటారేంట్రా?" అని నాన్న గొణుగుతూనే ఓడ ఎక్కారు. గదిలోకి వెళ్లి చూస్తే అద్దం కింద ప్లగ్ పాయింట్లు రెండే. మేం నలుగురం. ఫోన్లు నాలుగు, వాచీలు రెండు, అమ్మ ట్యాబ్, మా అబ్బాయి కెమెరా, నాన్న చెవి మిషన్ డబ్బా, వెరసి తొమ్మిది. ఆ రాత్రి మా గదిలో ఛార్జింగ్ కోసం రేషన్ షాపు క్యూ నడిచింది.

తర్వాతి ప్రయాణానికి ఆ టెన్షన్ లేదు. ప్లగ్ పాయింట్లు పెంచుకునే ఆలోచన మానేసి, వాటి అవసరమే తగ్గించుకున్నాం. ఎలాగో వరసగా చెబుతాను.

ముందు మీ ఓడ వయసెంతో చూడండి

టికెట్ మీద ఓడ పేరు ఉంటుంది. అది ఏ సంవత్సరం నాటిదో నెట్‌లో ఒక్క నిమిషంలో తెలుస్తుంది. ఈ మధ్య కట్టిన ఓడల్లో మంచం పక్కనే యూఎస్‌బీ పాయింట్లు పెడుతున్నారు. పాత ఓడల్లో రాసుకునే బల్ల దగ్గర ఒకటో రెండో పాయింట్లు ఉంటే గొప్ప. వాటి తప్పేం లేదు. 2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి తిరగడం మొదలుపెట్టిన కార్డీలియా అనే క్రూజ్ కంపెనీ వాళ్ల ఎంప్రెస్ ఓడనే తీసుకోండి, అది మొదట నీళ్ల మీదికొచ్చింది 1990లో. మన దేశంలో మొదటి సెల్‌ఫోన్ కాల్ 1995లో. అంతకు ముందు కట్టిన ఓడల్లో గదికి ఒక షేవర్, ఒక హెయిర్ డ్రయ్యర్ లెక్కన పాయింట్లు పెట్టేవాళ్లు. తర్వాత మరమ్మతుల్లో కొన్ని కలుపుతారు గానీ ఎన్ని కలిపారో ఓడను బట్టి, గదిని బట్టి మారుతుంది. అందుకని బుకింగ్ వాళ్లకు ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి: గదిలో ఏ రకం పాయింట్లున్నాయి, మంచం దగ్గర ఉన్నాయా, ఎక్స్‌టెన్షన్ తెచ్చుకోనిస్తారా.

అమెరికా నుంచి బయల్దేరే పెద్ద ఓడల్లో మామూలుగా రెండు రకాలూ ఉంటాయి. చదును పిన్నులు దూరే అమెరికా పాయింటు, అందులో 110 నుంచి 120 వోల్టులు. గుండ్రటి గుంట లోపల రెండు రంధ్రాలుండే యూరప్ పాయింటు, అందులో 220 నుంచి 230. మనవాళ్లకు ఇక్కడో చిన్న లాభం ఉంది. ఇండియాలో కొన్న ఫోన్ ఛార్జర్ రెండు గుండ్రటి పిన్నులు ఆ యూరప్ పాయింట్లో సాధారణంగా సరిపోతాయి. అంటే ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల ఛార్జర్ ఒక పాయింట్లోకి, అమెరికాలో ఉన్న పిల్లల ఛార్జర్ రెండో దాంట్లోకి, అడాప్టర్ లేకుండానే. ఛార్జర్ మరీ లావుగా ఉంటే మాత్రం ఆ గుంటలో కూర్చోదు, సన్నటిది తీసుకెళ్లండి. మన మూడు పిన్నుల ప్లగ్గు మాత్రం ఈ రెంటిలో దేంట్లోనూ దూరదు. నాన్న స్పైక్ బస్టర్‌ను వాళ్లు తీసుకోకపోయినా గదిలో దాన్ని పెట్టడానికి చోటే లేదన్నమాట.

ఛార్జర్ మీది చీమతలకాయ అక్షరాలు చదవండి

ప్రయాణానికి వారం ముందు ఇంట్లో ఛార్జర్లన్నీ మంచం మీద పోయండి. ఒక్కొక్కటీ తిప్పి చూడండి. బూడిదరంగు అక్షరాలు కంటికి ఆనవు. ఫోన్ కెమెరా తెరిచి జూమ్ చేస్తే హాయిగా కనిపిస్తాయి. "ఇన్‌పుట్" అన్న మాట వెతకండి. దాని పక్కన 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే ఆ వస్తువు ఓడలో ఏ పాయింట్లోనైనా పనిచేస్తుంది. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్‌లు, కెమెరాల ఛార్జర్లు దాదాపు అన్నీ ఈ రకమే.

220-240 అని మాత్రమే ఉంటే పక్కన పెట్టండి. మన దగ్గర కొన్న హెయిర్ డ్రయ్యర్లు, స్ట్రెయిట్‌నర్లు చాలావరకు ఈ కోవలోవే. 110లో పెడితే అవి వేడెక్కీ వేడెక్కనట్టు మూలుగుతాయి. దీనికి తలకిందుల కేసు ఇంకా ప్రమాదం: అమెరికాలో కొన్న 120 వోల్టుల డ్రయ్యర్‌ను అడాప్టర్ తగిలించి 220 పాయింట్లో పెడితే, మాడువాసన వచ్చేదాకా కూడా పట్టదు. ట్రావెల్ అడాప్టర్ పిన్ను ఆకారం మారుస్తుంది, అంతే. వోల్టేజీ జోలికి పోదు. డ్రయ్యర్ ఎలాగూ గదిలో బల్ల సొరుగులోనో బాత్రూమ్‌లోనో ఉంటుంది, దాని గాలి ఉఫ్‌మని ఊదినట్టున్నా సరే, దాంతో సరిపెట్టుకోండి.

ఇంకోమాట. మన ఫోను ఇంట్లో అరగంటలో నిండిపోతుంది కదా అని అక్కడా అదే వేగం ఆశించకండి. 110 వోల్టుల దగ్గర కొన్ని ఛార్జర్లు తగ్గించి పనిచేస్తాయి. వన్‌ప్లస్ 11 ఫోనుకు మన దగ్గర 100 వాట్ల ఛార్జింగ్ ఇచ్చిన కంపెనీ, అమెరికాలో అదే ఫోనుకు 80 వాట్లే ఇచ్చింది. అలాంటి ఛార్జర్‌ను 220 పాయింట్లో పెట్టుకుంటే దాని అసలు వేగం దానికొస్తుంది.

స్పైక్ బస్టర్ ఎందుకు తీసుకుంటారంటే

నాన్నకు ఈ సంగతి విప్పి చెప్పడానికి నాకో పూట పట్టింది. ఆయన ఊరికే ఒప్పుకునే మనిషి కాదు.

మన ఇంటి కరెంటులో ఫేజ్ వైరు, న్యూట్రల్ వైరు, ఎర్త్ ఉంటాయి. న్యూట్రల్‌ను భూమికి కలిపేసి ఉంటారు కాబట్టి కరెంటున్నది ఫేజ్‌లోనే. టెస్టర్ పెడితే ఒక రంధ్రంలోనే లైటు వెలిగేది అందుకే. ఓడలో చాలాచోట్ల అలా కాదు. అక్కడ కాళ్ల కింద భూమి లేదు, ఇనుప ఒళ్లు ఉంది. రెండు కరెంటు వైర్లలో దేన్నీ ఆ ఇనుముకు కలపరు. ఎక్కడో ఒక వైరు ఊడి ఇనుముకు తగిలినా నడిసముద్రంలో కరెంటు మొత్తం టప్పున పోకూడదు, ఓడ నడవాలి, అదీ కారణం. కాబట్టి అక్కడ రెండు రంధ్రాల్లోనూ కరెంటు ఉన్నట్టే లెక్క.

స్పైక్ బస్టర్ లోపల బిళ్లలాంటి చిన్న భాగాలుంటాయి. కరెంటు ఉప్పెనలా వస్తే వాటిలో కొన్ని దాన్ని ఎర్త్ వైపు తోసేస్తాయి. ఏదైనా తేడా వస్తే దాని స్విచ్ ఒక వైరును తెంపేస్తుంది. ఇంట్లో ఆ ఒక్కటీ తెగితే చాలు. ఓడలో రెండో వైరు అలాగే ఉంటుంది. ఎక్కడో ఒక వైరు ఇనుముకు తగిలినప్పుడు ఆ బిళ్లల మీద పడాల్సిన దానికంటే ఎక్కువ వోల్టేజీ పడుతుంది. అవి వేడెక్కుతాయి, కరుగుతాయి, పక్కన కర్టెనో దుప్పటో ఉంటే అంటుకుంటుంది. అమెరికా కోస్ట్ గార్డ్ 2013లో దీని మీద ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేసింది. నీళ్ల మధ్యలో ఉండి నిప్పుకు భయపడటం విడ్డూరంగా అనిపిస్తుంది గానీ, ఓడవాళ్లు అన్నిటికంటే ఎక్కువ భయపడేది నిప్పుకే. అక్కడ అందరూ బయటికి పరిగెత్తడానికి వీధి ఉండదు మరి.

మీ దగ్గరున్నది ఆ రకమో కాదో తెలుసుకోవడం తేలికే. దాని మీద "సర్జ్" అనో "స్పైక్" అనో "జౌల్స్" అనో ఏ మాటున్నా ఇంట్లోనే వదిలేయండి.

సర్జ్ లేని మామూలు మల్టీప్లగ్ సంగతేంటి అంటే, కంపెనీకో రూలు. రాయల్ కరీబియన్ 2024 సెప్టెంబరులో సర్జ్ ఉన్నవీ లేనివీ అని చూడకుండా మల్టీప్లగ్‌లు, ఎక్స్‌టెన్షన్ వైర్లు అన్నిటినీ నిషేధించింది, యూఎస్‌బీ హబ్‌లకు మాత్రం అడ్డు చెప్పలేదు. వేరే కంపెనీలు కొన్ని ఇంకా ఒప్పుకుంటున్నాయి. "పోయినసారి తీసుకెళ్లాంగా" అన్న ధీమా పనికిరాదు, బయల్దేరే ముందు ఆ కంపెనీ నిషేధ వస్తువుల పేజీ ఒకసారి చూసుకోండి.

ఆ పేజీలోనే ఇస్త్రీపెట్టె, కెటిల్, రైస్ కుక్కర్, నీళ్లు కాచే రాడ్డు కూడా ఉంటాయి. అమ్మ కెటిల్ తెద్దామనుకుంది, ఆఖరి నిమిషంలో ఆపాం. వేడినీళ్ల కుళాయి బఫేలో ఉంటుంది. మా ఓడలో పొద్దున ఐదింటికే అమ్మ స్టీలు ఫ్లాస్కుతో అక్కడ ప్రత్యక్షమయ్యేది, రవ్వ ఉప్మా కప్పుల్లో నీళ్లు పోసుకుని వచ్చేది.

ఒక్క ఛార్జర్ కొనండి, మంచిది కొనండి

నా లెక్కలో డబ్బు పెట్టాల్సిన చోటు ఇదొక్కటే. నాలుగు యూఎస్‌బీ రంధ్రాలుండే 65 వాట్ల గ్యాన్ ఛార్జర్ (గాలియం నైట్రైడ్ అనే పదార్థంతో చిన్నగా చేసిన కొత్త రకం) ఒకటి. అరచేతిలో ఇమిడిపోతుంది. గోడకు ఒకే పాయింటు వాడుకుని నాలుగు వస్తువులకు కరెంటిస్తుంది. పాత రకం ఛార్జర్ల కంటే చిన్నగా ఉంటుంది కాబట్టి గుంటలో ఇబ్బంది పెట్టదు. మనిషికొక ఛార్జర్ మోయడం మానేసి మనిషికొక కేబుల్ తెచ్చుకోమనండి.

కొనేటప్పుడు ఒకటి గమనించండి. 65 అంటే మొత్తం కలిపి 65. ఒక్క ల్యాప్‌టాపే పెడితే మొత్తం దానికే. పక్కన ఫోను పెట్టగానే ల్యాప్‌టాప్ వాటా 45కు పడిపోతుంది, ఫోనుకు 20 వస్తుంది. ఈ పంపకం మోడల్‌ను బట్టి మారుతుంది, డబ్బా వెనక పట్టిక ఉంటుంది చూడండి. నాలుగూ నింపేసి "ఇదేంటి ఇంత నెమ్మది" అని తిట్టుకుంటే లాభం లేదు. ఒప్పో, రియల్‌మి, వన్‌ప్లస్ లాంటి ఫోన్లకు వాటి సొంత ఛార్జర్, సొంత కేబుల్ ఉంటేనే అసలు వేగం వస్తుంది. వేరే దాంట్లో కూడా ఎక్కుతుంది, కాస్త తీరిగ్గా. రాత్రంతా ఉంది కదా, పర్లేదు.

కేబుల్ మాత్రం రెండు మీటర్లది తీసుకోండి. బల్ల నుంచి మంచం దాకా వచ్చేది అదే. ఎక్స్‌టెన్షన్ వైరు చేసే పనిలో సగం ఈ పొడుగు కేబుల్ చేసేస్తుంది, దాన్ని ఎవరూ లాక్కోరు.

పవర్ బ్యాంక్ ఒకటి చాలు. 20,000 ఎంఏహెచ్ అంటే సుమారు 74 వాట్ అవర్లు. విమానాల్లో మామూలుగా అనుమతించే 100 వాట్ అవర్ల హద్దుకు లోపలే. దాన్ని చెక్-ఇన్ పెట్టెలో పెట్టకూడదు, చేతి సామానులోనే ఉండాలి. సింగపూర్ వెళ్లి అక్కడ ఓడ ఎక్కేవాళ్లకు ఒక అదనపు జాగ్రత్త: సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2025 ఏప్రిల్ 1 నుంచి విమానం లోపల పవర్ బ్యాంక్‌తో ఛార్జ్ చేసుకోనివ్వడం లేదు. ఫోను ఎక్కే ముందే నింపుకోండి.

ఇవన్నీ చేతిసంచిలోనే

రేవు దగ్గర పెద్ద పెట్టెలు కూలీలకు అప్పగిస్తాం. అవి గది ముందుకొచ్చేసరికి సాయంత్రం కావచ్చు, ఒక్కోసారి రాత్రి భోజనం వేళవుతుంది. ఈలోగా బోర్డింగ్ పాసు, భోజనాల బుకింగ్, దారి చూపే మ్యాపు అన్నీ ఫోన్లోనే. ఫోను మధ్యాహ్నానికే చచ్చిపోతే ఓడలో తప్పిపోయిన పిల్లాడి పరిస్థితే. ఛార్జర్, కేబుళ్లు, పవర్ బ్యాంక్, మందులు, చెవి మిషన్ డబ్బా చేతిసంచిలో ఉంచుకోండి.

గదిలోకి అడుగుపెట్టగానే

మంచం మీద వాలకముందు పది నిమిషాలు డిటెక్టివ్ పని చేయండి. అద్దం కింద చూడండి. టీవీ వెనక చెయ్యి పెట్టి తడమండి. మంచం తలగడ వైపు, దీపం దిమ్మ కింద చూడండి, కొన్ని దీపాల దిమ్మలోనే యూఎస్‌బీ ఉంటుంది. మాకు మూడో రోజు సోఫా పక్కన ఇంకో పాయింటు దొరికింది. మూడు రోజులు దాని మీద సంచులు పెట్టుకున్నాం.

బాత్రూమ్‌లో "షేవర్లకు మాత్రమే" అని రాసిన పాయింటుంటే దాన్ని నమ్ముకోకండి. దాని శక్తి చాలా తక్కువ, ఫోన్ ఛార్జర్ పెడితే లేనిపోని తంటా. టీవీ వెనక యూఎస్‌బీ కూడా వాచీకి, ఇయర్‌బడ్స్‌కు సరిపోతుందేమో గానీ ఫోనుకు తెల్లారుతుంది. పైగా టీవీ ఆపితే అదీ ఆగిపోవచ్చు.

తర్వాత కార్డు పరీక్ష. కొన్ని ఓడల్లో తలుపు దగ్గర చీలికలో గది కార్డు పెడితేనే లైట్లు వెలుగుతాయి. ఫోను ఛార్జింగ్‌కు పెట్టి, కార్డు బయటికి లాగి, ఒక నిమిషం ఆగండి. ఛార్జింగ్ గుర్తు అలాగే ఉంటే నిశ్చింత. పోయిందంటే ఆ పాయింటు కార్డుతో ముడిపడి ఉంది, మీరు గదిలో ఉన్నప్పుడే ఛార్జ్ అవుతుంది. ఒక్కో పాయింటుకూ ఇది విడిగా చూసుకోండి.

గోడలు చాలావరకు ఇనుప రేకులే కాబట్టి అయస్కాంతం కొక్కేలు అతుక్కుంటాయి. రెండు మూడు తెచ్చుకుంటే కేబుళ్లు వేలాడదీయొచ్చు. బల్ల మీద పెట్టిన ఫోను ఓడ ఊగినప్పుడు జారిపోతుంది. చిన్న గుడ్డ సంచిలో వేసి కొక్కేనికి తగిలిస్తే ఎక్కడికీ పోదు. ఛార్జ్ అయ్యేటప్పుడు మాత్రం సంచిలో కుక్కకండి, వేడి బయటికి పోవాలి. దిండు కింద అసలే వద్దు.

వంతుల సంగతి. మా ఇంట్లో నడిచిన పద్ధతి ఇది: రాత్రికి చెవి మిషన్, నాన్న ఫోను, అమ్మ ఫోను, నా ఫోను. సాయంత్రం అందరూ స్నానాలు చేసి భోజనానికి తయారయ్యే గంటన్నరలో పవర్ బ్యాంక్, కెమెరా. మా అబ్బాయి ఫోను పగలు పవర్ బ్యాంక్ మీద బతికేది. వాడు అలిగాడు. అయినా రూలు రూలే.

సీప్యాప్ మిషన్ వాడేవాళ్లకు

నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి ఊదే ఈ మిషన్ సంగతి ఓడ ఎక్కాక చూసుకుందాం అనుకోకండి. బుకింగ్ అప్పుడే, ఆలస్యమైతే నెల ముందైనా, కంపెనీలో ప్రత్యేక అవసరాల విభాగానికి రాసి చెప్పండి. మిషన్ పెట్టుకోవడానికి మంచం పక్కన పాయింటు లేకపోతే చాలా కంపెనీల్లో ఎక్స్‌టెన్షన్ వైరు వాళ్లే ఇస్తారు. వాళ్లిచ్చింది ఓడకు పనికొచ్చేదే కాబట్టి గొడవుండదు. మిషన్‌లో పోసే డిస్టిల్డ్ వాటర్ కూడా అడిగితే చాలా కంపెనీలు గదిలో పెట్టిస్తాయి. ఎక్కిన రోజు మధ్యాహ్నమే గది చూసుకునే అబ్బాయికి గుర్తుచేయండి, రాత్రి పదింటికి కాదు. ఇన్సులిన్ ఉంటే అదే ఉత్తరంలో ఫ్రిజ్ సంగతీ రాయండి. గదిలో ఉండే చిన్న పెట్టె చాలాసార్లు డ్రింకులు చల్లబరచడానికే, మందులకు తగిన చలి దాంట్లో ఉంటుందని చెప్పలేం.

బ్యాటరీ ఖర్చు తగ్గించుకోండి

ఓడ కదలగానే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, ఆ తర్వాత వైఫై ఒక్కటీ ఆన్ చేయండి. తీరం దూరమయ్యేకొద్దీ ఫోను టవర్ కోసం పిచ్చిగా వెతుకుతూ బ్యాటరీ తాగేస్తుంది. టవర్ దొరికినా కష్టమే. అది ఓడలోని శాటిలైట్ నెట్‌వర్క్ కావచ్చు, ఇంటికెళ్లాక వచ్చే బిల్లు చూస్తే గుండె ఆగుతుంది. మీ సిమ్ మామూలు రోమింగ్ ప్యాక్‌లో అది ఉండదు. చాలా కంపెనీల యాప్ ఓడ వైఫైలో డబ్బు కట్టకుండానే పనిచేస్తుంది. వాట్సాప్ బ్యాకప్, ఫొటోల అప్‌లోడ్ ఆపేయండి.

బీచ్ నుంచి వచ్చాక ఫోను పెట్టగానే ఛార్జింగ్ రంధ్రంలో తేమ ఉందని హెచ్చరిక వస్తే కేబుల్ వెంటనే తీసేయండి. ఉప్పునీటి తడి మీద కరెంటు పారితే పిన్నులు తినేస్తుంది. రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని మెల్లగా తట్టి, గాలి తగిలే చోట వదిలేయండి. మనకు వెంటనే బియ్యం డబ్బా గుర్తొస్తుంది, ఓడలో అది దొరకకపోవడమే మంచిది. బియ్యపు నూక లోపలికి పోతుందని యాపిల్ కంపెనీయే వద్దంటోంది. వైర్‌లెస్ ఛార్జింగ్ ఉన్న ఫోనైతే ఒళ్లు పొడిగా తుడిచి దాని మీద పెట్టుకోవచ్చు.

దిగే ముందు రాత్రి

చాలా ఓడల్లో ఆ రాత్రి పెద్ద పెట్టెలు గది బయట పెట్టమంటారు, పొద్దునకు అవి రేవులో ఉంటాయి. ఛార్జర్లు వాటిలో సర్దేశారంటే దిగే పొద్దున ఫోను ఖాళీ, ట్యాక్సీ బుక్ చేయడానికి దిక్కుండదు. ఒక గ్యాన్ ఛార్జర్, రెండు కేబుళ్లు చేతిసంచిలోకి. పొద్దున గది వదిలేటప్పుడు టీవీ వెనక, మంచం తల దగ్గర, సోఫా పక్కన మళ్లీ చెయ్యి పెట్టి తడమండి. గోడా తెలుపే, ఛార్జరూ తెలుపే, కంటికి ఆనదు. కేబుల్ చివర ఎర్ర టేపు ముక్క చుట్టుకుంటే దూరం నుంచే తెలుస్తుంది.

ఎక్కేటప్పుడు ఏదైనా తీసేసుకుని ఉంటే రసీదు ఆ రోజు పైజేబులో పెట్టుకోండి. రేవు హాల్లో ఒక పొడుగాటి బల్ల మీద ఇస్త్రీపెట్టెలు, కెటిళ్లు, మల్టీప్లగ్‌లు వరసగా పేర్చి ఉన్నాయి, అన్నీ ఒకేలా తెల్లగా. నాన్న రసీదు ఎక్కడో పోగొట్టారు. అయినా ఆయన స్పైక్ బస్టర్ ఆయనకు దొరికింది. ఇంట్లో ప్రతి స్టీలు గిన్నె మీదా పేరు చెక్కించే అలవాటున్న మనిషి కదా, దాని వెనక కూడా నల్ల మార్కర్‌తో ఇంటిపేరు రాసుకున్నారు.